ఎందుకు వెళ్లారు, ఎందుకు రానివ్వలేదు: 1948 పాలస్తీనా శరణార్థుల బాధ్యత ఎవరిది?

1947 డిసెంబరు నుంచి 1949 దాకా పాలస్తీనాలో సుమారు 7 లక్షల మంది అరబ్బులు ఇళ్లూ పొలాలూ వదిలి వెళ్లారు. పేచీ ఆ లెక్క దగ్గరే మొదలవుతుంది. ఇజ్రాయెల్ అప్పట్లో 5 లక్షల 20 వేలంది, అరబ్బు పక్షం 9 లక్షలంది, ఐక్యరాజ్యసమితి రాజీ సంఘం 7 లక్షల 11 వేలని తేల్చింది. నాలుగు వందలకు పైగా ఊళ్లు ఖాళీ అయ్యాయి. కొత్తగా ఏర్పడ్డ ఇజ్రాయెల్ హద్దుల్లో మిగిలిన అరబ్బులు ఓ లక్షన్నర. పాలస్తీనీయులు నక్బా (మహావిపత్తు) అని తలుచుకునేది దీన్నే. ఇజ్రాయెలీలకు మాత్రం అదే కాలం స్వాతంత్ర్య యుద్ధం.

దీనికి ఎవరు బాధ్యులని అడిగితే రెండు రెడీమేడ్ జవాబులు దొరుకుతాయి. ‘అరబ్బు నాయకులే రేడియోలో వెళ్లిపొమ్మన్నారు, వాళ్ల మాట విని వెళ్లారు’ అన్నది ఒకటి. ‘ముందే ప్లాన్ వేసుకుని తరిమేశారు’ అన్నది రెండోది. ఈ రెండిట్లో మొదటిది ఆధారాల ముందు నిలవదు. రెండోదాంట్లో చాలా నిజముంది గానీ, ‘ముందే ప్లాన్’ అన్న మాట దగ్గర చరిత్రకారులు ఇప్పటికీ కొట్టుకుంటున్నారు.

అసలు చిక్కు వేరే ఉంది. ఇందులో కలిసిపోయినవి రెండు ప్రశ్నలు. జనం ఎందుకు వెళ్లారు? వెళ్లినవాళ్లు ఎందుకు తిరిగి రాలేకపోయారు? మొదటిదానికి ఊరికో జవాబు, నెలకో జవాబు. రెండోదానికి జవాబు ప్రభుత్వ కాగితాల మీదే ఉంది. చిత్రమేమిటంటే వాదనలన్నీ మొదటి ప్రశ్న చుట్టూనే తిరుగుతాయి, రెండోది పక్కకు పోతుంది.

ముందుగా 1948 దాకా పాలస్తీనాను ఏలిన బ్రిటన్ సంగతి. 1917 నవంబరు 2న బాల్ఫోర్ ప్రకటన పాలస్తీనాలో యూదులకు జాతీయ నివాసం ఏర్పరుస్తామని మాటిచ్చింది. అప్పటికి అక్కడి జనంలో పదింట తొమ్మిది మంది అరబ్బులు, వాళ్లనెవరూ అడగలేదు. 1936లో అరబ్బులు తిరగబడితే మూడేళ్ల పాటు అణచివేత సాగింది. నాయకుల్లో కొందరు జైళ్లపాలయ్యారు, కొందరు దేశం దాటారు. జెరూసలెం ముఫ్తీ అమీన్ అల్ హుసేనీ 1937లోనే పారిపోయాడు. యూదుల పక్షాన అదే కాలంలో పన్ను వసూళ్ల నుంచి రహస్య సైన్యం దాకా ఒక ప్రభుత్వానికి కావలసినవన్నీ సిద్ధమవుతున్నాయి. పదేళ్ల తర్వాత యుద్ధం వచ్చేసరికి ఒక పక్క హగానా అనే ఆ సైన్యం ఉంది, ఇంకో పక్క ఊరికో తుపాకుల గుంపు ఉంది.

జనాన్ని ఒక చోటి నుంచి ఇంకో చోటికి మార్చెయ్యాలన్న ఆలోచనకు అధికార ముద్ర వేసింది కూడా తెల్లవాళ్లే. 1937లో పీల్ కమిషన్ దేశాన్ని రెండుగా చీల్చమంది. యూదుల భాగంలో 2 లక్షల 25 వేల మంది అరబ్బులు, అరబ్బుల భాగంలో 1,250 మంది యూదులు మిగులుతారని లెక్కకట్టి, గ్రీస్, టర్కీ 1923లో చేసుకున్నట్టు జనాభా మార్పిడి చెయ్యొచ్చనీ, తప్పకపోతే బలవంతంగానైనా చెయ్యొచ్చనీ రాసింది. పాలస్తీనాలో యూదు దేశం కోరే జియోనిస్టు ఉద్యమ నాయకులు ఈ మాటను పట్టుకుని లోపల్లోపల చాలా చర్చించుకున్నారు. యూదు జాతీయ నిధిలో భూముల వ్యవహారాలు చూసే యోసెఫ్ వైత్స్ 1940లో తన డైరీలో ఈ దేశంలో రెండు జాతులకూ చోటు లేదని రాసుకున్నాడు.

1947 నవంబరు 29న ఐక్యరాజ్యసమితి విభజన తీర్మానాన్ని 33–13 ఓట్లతో ఆమోదించింది. భారత్ వ్యతిరేకంగా ఓటేసింది. దానికి ముందు వేసిన విచారణ సంఘంలో మన ప్రతినిధి ఇరాన్, యుగోస్లావియాలతో కలిసి ఒకే సమాఖ్య రాజ్యం ఉండాలని వేరే నివేదిక ఇచ్చాడు. జనాభాలో మూడో వంతున్న యూదులకు సగానికి పైగా భూమి వచ్చింది. ఆ భాగంలోనే 4 లక్షల మంది అరబ్బులుండేవాళ్లు, యూదులేమో 5 లక్షలు. అరబ్బులు ఒప్పుకోలేదు, మర్నాటి నుంచే కాల్పులు మొదలయ్యాయి.

ఇజ్రాయెల్ పక్షం వాదనలో అన్నిటికన్నా గట్టిది ఇదే. మేం ఒప్పుకున్నాం, మీరు కాదన్నారు, యుద్ధం మీరు మొదలుపెట్టారు, యుద్ధంలో జనం చెల్లాచెదురవుతారు అంటారు. దీన్ని తేలిగ్గా తీసెయ్యకూడదు. యూరప్‌లో 60 లక్షల మంది యూదుల్ని చంపేసి అప్పటికి మూడేళ్లే అయింది. ఆ యుద్ధంలో యూదులు 6,000 మంది చనిపోయారు, అంటే వాళ్ల జనాభాలో నూటికొకరు. 1948 మే నెలలో క్ఫార్ ఎత్సియోన్‌లో లొంగిపోయినవాళ్లను కూడా చంపేశారు. జెరూసలెం పాతబస్తీ యూదుల పేట జోర్డాన్ సైన్యం చేతికి చిక్కాక అక్కడొక్క యూదుణ్ణీ ఉండనివ్వలేదు. అరబ్బు సైన్యాలు పట్టుకున్న ఏ యూదు ఊళ్లోనూ యూదులు మిగల్లేదు.

ఇదంతా నిజమే. కానీ యుద్ధం ఎవరు మొదలుపెట్టారన్నది వేరు, ఫలానా ఊరి రైతు ఎందుకు వెళ్లాల్సి వచ్చిందన్నది వేరు. దీర్ యాసీన్ ఊరివాళ్లు పక్కనున్న యూదుల బస్తీతో గొడవలొద్దని ఒప్పందం చేసుకున్నారు. అయినా 1948 ఏప్రిల్ 9న హగానాతో సంబంధం లేకుండా విడిగా నడిచే యూదు సాయుధ దళాలు ఇర్గూన్, లేహీ వచ్చి ఆడవాళ్లూ పిల్లలతో సహా వందమందికి పైగా చంపాయి. అప్పట్లో 254 మంది అని ప్రచారమైంది. అరబ్బులను బెదరగొట్టడానికి ఇర్గూన్‌కు ఆ అంకె పనికొచ్చింది, లోకాన్ని కదిలించాలని అరబ్బు రేడియోలూ అదే చెప్పాయి. ఫలితం మాత్రం ఒకటే, చుట్టుపక్కల ఊళ్లు వణికిపోయాయి. నాలుగు రోజులకే యూదుల హదస్సా ఆసుపత్రికి వెళ్తున్న వాహనాల మీద అరబ్బులు దాడి చేసి డెబ్బై మందికి పైగా చంపారు, వాళ్లలో డాక్టర్లూ నర్సులూ ఉన్నారు.

హైఫా, లిద్దా, నజరేత్

వెళ్లడం ఒక్కసారిగా జరగలేదు. 1948 మార్చి దాకా వెళ్లినవాళ్లు ఎక్కువగా జాఫా, హైఫా, జెరూసలెంలలోని స్తోమత ఉన్న కుటుంబాలు. గొడవలు సద్దుమణిగాక వద్దామని బేరూత్‌కో అమ్మాన్‌కో వెళ్లారు. అలా వెళ్లింది ఓ లక్ష మంది లోపే. కానీ డాక్టర్లు, వ్యాపారులు, మునిసిపాలిటీ పెద్దలు ముందే వెళ్లిపోవడంతో మిగిలిన జనానికి పెద్దదిక్కు లేకుండా పోయింది. అసలు వరద ఏప్రిల్‌లో హగానా దాడికి దిగాక వచ్చింది. మే 15న అరబ్బు దేశాల సైన్యాలు అడుగుపెట్టే నాటికే రెండున్నర నుంచి మూడు లక్షల మంది వెళ్లిపోయారు. కాబట్టి ‘అయిదు దేశాలు దండెత్తడం వల్లే శరణార్థులు’ అన్న మాట తేదీల దగ్గరే తప్పుతుంది.

ఇరు పక్షాలూ ఉదాహరణగా చూపించేది హైఫా. ఏప్రిల్ 21న బ్రిటిష్ జనరల్ స్టాక్‌వెల్ నగరం మధ్యలో ఉన్న తన సైనికులను వెనక్కి తీసుకున్నాడు. వెంటనే హగానా అరబ్బుల పేటల మీద పడింది. మర్నాడు టౌన్‌హాల్లో అందరూ కూర్చున్నారు. లొంగుబాటు షరతులు చూసి అరబ్బు పెద్దలు ఆలోచించుకుంటామని గడువడిగారు. సాయంత్రం తిరిగి వచ్చి, మేం సంతకం పెట్టలేం, మా జనాన్ని తీసుకుని వెళ్లిపోతాం అన్నారు. యూదు మేయర్ షబ్తాయ్ లేవీ వెళ్లొద్దని బతిమాలాడు. స్టాక్‌వెల్ కూడా మీరు తెలివితక్కువ పని చేస్తున్నారన్నాడు. ఇజ్రాయెల్ పక్షం చెప్పే హైఫా కథ ఇంతే, ఇందులో అబద్ధం లేదు.

కానీ ఆ మీటింగుకు ముందే హగానా మోర్టార్లు అరబ్బుల బజారు మీద పేలాయి. జనం ఓడరేవు వైపు పరుగెత్తారు, కిక్కిరిసిన పడవల్లో కొందరు మునిగిపోయారు. టౌన్‌హాల్లో పెద్దలు వెళ్లిపోతామని చెప్పే వేళకు ఊరు సగం రేవులోనే ఉంది. 65 వేలకు పైగా అరబ్బులున్న నగరంలో చివరికి మిగిలింది మూడు నాలుగు వేల మంది. మే మొదట్లో గోల్డా మెయిర్ అక్కడికి వెళ్లింది. బల్లల మీద కాఫీ, రొట్టె అలాగే వదిలేసి ఉన్న ఇళ్లు చూశాననీ, యూరప్‌లో యూదుల ఊళ్లు గుర్తుకొచ్చాయనీ తోటి నాయకులకు చెప్పింది. తర్వాత ప్రధానమంత్రి అయిన మనిషి, పాలస్తీనీయుల పట్ల మెతకగా ఉండే మనిషి కాదు.

ఇక లిద్దా. అక్కడ తర్జనభర్జనకు చోటు లేదు. 1948 జూలై 12న ఊళ్లో కాల్పులు జరిగి రెండు వందలకు పైగా జనం చనిపోయాక, వయసు సంగతి చూడకుండా ఊరివాళ్లను త్వరగా వెళ్లగొట్టాలని లిఖితపూర్వక ఆదేశం వెలువడింది. దాని మీద సంతకం అప్పటి సైనికాధికారి, తర్వాత ప్రధాని అయిన యిత్జాక్ రబీన్‌ది. లిద్దా, పక్కనున్న రమ్లా కలిపి 50 వేల నుంచి 70 వేల మంది బయటపడ్డారు. రమ్లా వాళ్లలో చాలామందిని బస్సుల్లో, లారీల్లో పంపారు. లిద్దా వాళ్లు జూలై ఎండలో నీళ్లు లేకుండా రామల్లా వైపు నడిచారు, దారిలోనే కొందరు ప్రాణాలు వదిలారు. జనాన్ని ఏం చెయ్యమంటారని అడిగితే ప్రధాని బెన్ గురియన్ చెయ్యి విసిరి వెళ్లగొట్టమన్నట్టు సైగ చేశాడని రబీన్ తన ఆత్మకథలో రాసుకున్నాడు. ఇజ్రాయెల్ సెన్సార్ ఆ భాగాన్ని కొట్టేసింది. 1979లో న్యూయార్క్ టైమ్స్ దాన్ని అచ్చేసింది.

అదే నెలలో నజరేత్ కూడా లొంగిపోయింది. అక్కడా ఖాళీ చేయించమని పైనుంచి మాట వచ్చింది. బ్రిగేడ్ కమాండర్ బెన్ డంకెల్‌మన్ నేను చెయ్యనన్నాడు. విషయం బెన్ గురియన్ దాకా వెళ్లింది, ఆయన వద్దన్నాడు. క్రైస్తవులు ఎక్కువగా ఉన్న యేసు సొంతూరు, లోకం చూస్తోందన్న జంకు కూడా పనిచేసింది. నజరేత్ ఈనాటికీ ఇజ్రాయెల్‌లో పెద్ద అరబ్బు నగరాల్లో ఒకటి. ఒకే నెలలో, ఒకే నాయకుడి కింద ఒక ఊరు రోడ్డున పడింది, ఇంకోటి మిగిలింది. ఒక్క మాస్టర్‌ప్లానే అన్నిటినీ నడిపించిందనేవాళ్లకు నజరేత్ అడ్డు తగులుతుంది. వెళ్లగొట్టడమే జరగలేదనేవాళ్లకు లిద్దా అడ్డు తగులుతుంది.

రేడియో మాట, దాచిన కాగితం

‘అరబ్బు నాయకులే వెళ్లిపొమ్మన్నారు’ అన్నది దశాబ్దాల పాటు ఇజ్రాయెల్ అధికారిక వాదన. పాలస్తీనా చరిత్రకారుడు వాలిద్ ఖాలిదీ 1950ల చివర్లో దీన్ని తరిచి చూశాడు. ఐరిష్ జర్నలిస్టు ఎర్స్కిన్ చైల్డర్స్ బీబీసీ నమోదు చేసి పెట్టిన 1948 నాటి అరబ్బు ప్రసారాలన్నీ తిరగేసి, వెళ్లిపొమ్మన్న పిలుపు ఒక్కటీ లేదనీ, కదలొద్దన్న మాటలే ఉన్నాయనీ 1961లో రాశాడు. అలాగని అరబ్బు పెద్దల చేతులు శుభ్రమని కాదు. కొన్ని ఊళ్లను సైనిక అవసరాల కోసం వాళ్లే ఖాళీ చేయించారు, కొన్ని చోట్ల ఆడవాళ్లనూ పిల్లల్నీ పంపెయ్యమన్నారు. సిరియా మాజీ ప్రధాని ఖాలిద్ అల్ అజ్మ్ తన జ్ఞాపకాల్లో, జనాన్ని వెళ్లమన్నది మనమే అని అరబ్బు ప్రభుత్వాలను తిట్టిపోశాడు. ఇజ్రాయెల్ పక్షం ఆ మాటలను ఎప్పుడూ చూపిస్తుంది.

ఈ వాదనకు గట్టి దెబ్బ ఇజ్రాయెల్ సొంత కాగితాల్లోంచే తగిలింది. 1980ల్లో ఆర్కైవ్‌లు కొంత తెరుచుకున్నాక చరిత్రకారుడు బెన్నీ మోరిస్‌కు సైనిక గూఢచారి విభాగం 1948 జూన్ 30న తయారుచేసిన నివేదిక దొరికింది. అప్పటిదాకా వెళ్లిన 3 లక్షల 90 వేల మందిలో దాదాపు 70 శాతం హగానా, ఇర్గూన్, లేహీ దాడుల వల్లో వాటి ప్రభావం వల్లో వెళ్లారని ఆ విభాగమే అంచనా వేసింది. అరబ్బుల ఆదేశాల వాటా 5 శాతం. ఈ నివేదికకు ఇంకో కథ కూడా ఉంది. రక్షణ శాఖ భద్రతా విభాగం ఆర్కైవ్‌లు తిరుగుతూ, ఒకసారి బయటికొచ్చిన కాగితాలను మళ్లీ దాచేస్తోందని 2019లో హారెత్జ్ పత్రిక రాసింది. అలా తీసేసినవాటిలో ఇదీ ఒకటి. అరబ్బు దేశాల ఆర్కైవ్‌లైతే పరిశోధకులకు చాలావరకు అసలు తెరుచుకోనే లేదు. అందుకే ఈ చర్చ ఒక పక్షం కాగితాల మీద, ఇంకో పక్షం జనం జ్ఞాపకాల మీద నడుస్తూ వచ్చింది.

మోరిస్ తన పరిశోధనకు ఒక జాబితా జతచేశాడు. ఖాళీ అయిన ఒక్కో ఊరు, తేదీ, పక్కన కారణానికి ఒక సంకేతాక్షరం: వెళ్లగొట్టడం, సైనిక దాడి, దాడి జరుగుతుందన్న భయం, పక్క ఊరు పడిపోవడం, పుకార్లు, అరబ్బుల ఆదేశం. ఆ జాబితా మీద వేలు పెట్టి కిందికి దిగుతూ వెళ్తే సైనిక దాడి అన్న అక్షరమే మళ్లీ మళ్లీ కనబడుతుంది, అరబ్బుల ఆదేశం అరుదు. ఈ సమస్య యుద్ధంలోంచి పుట్టింది, ముందస్తు పథకంలోంచి కాదన్నది ఆయన తేల్చిన మాట. జనాన్ని తరలించాలన్న ఆలోచన నాయకుల మనసుల్లో ముందునుంచీ ఉందనీ, అది కమాండర్ల చేతల్లో కనబడిందనీ 2004 నాటి రెండో కూర్పులో ఇంకాస్త గట్టిగా రాశాడు.

ఖాలిదీ, మరో పాలస్తీనా చరిత్రకారుడు నూర్ మసాల్హా, ఇజ్రాయెలీ చరిత్రకారుడు ఇలాన్ పాపే దీన్ని ఒప్పుకోరు. 1948 మార్చి 10 నాటి హగానా ప్లాన్ దాలెత్‌ను చూడమంటారు. ఎదురు తిరిగిన ఊళ్లను నేలమట్టం చేసి జనాన్ని సరిహద్దు దాటించమని అందులో రాసి ఉంది. పాపే దాన్ని జాతి ప్రక్షాళన పథకమనే అన్నాడు. మోరిస్ లెక్కలో అది దండయాత్ర రాకముందే సరిహద్దులూ దారులూ భద్రం చేసుకునే సైనిక పథకం. చరిత్రకారుడు ఎఫ్రాయిం కార్ష్ మోరిస్‌ను కూడా తప్పుపట్టి, బాధ్యతంతా అరబ్బు నాయకత్వానిదే అంటాడు. నాకు కార్ష్ వాదన హైఫాలో కొంత నిలుస్తుంది, లిద్దాలో అసలు నిలవదు అనిపిస్తుంది. పథకం కాగితంలో ఉందా, నాయకుల మౌనంలో ఉందా అన్న తేడా పరిశోధకుడికి పెద్దదే. రామల్లా దారిలో నడిచినవాళ్లకు కాదు.

ఒకే కాగితాలు చదివినవాళ్లు ఎటు తేలతారో కూడా చెప్పలేం. 2000లో మొదలైన పాలస్తీనీయుల రెండో తిరుగుబాటు (ఇంతిఫాదా) తర్వాత మోరిస్ రాజకీయంగా కుడివైపుకు జరిగాడు. వెళ్లగొట్టడం జరిగిందనే అంటూ, అప్పుడది తప్పనిసరి అనీ, బెన్ గురియన్ పని పూర్తిగా చెయ్యకుండా వదిలేశాడనీ 2004లో ఒక ఇంటర్వ్యూలో చెప్పేశాడు. పాపేకు నేరంగా కనబడ్డ చోటే మోరిస్‌కు అవసరం కనబడింది. కాబట్టి ఏం జరిగిందో తేలిపోతే బాధ్యత కూడా తేలిపోతుందన్న ఆశ పెట్టుకోనక్కర్లేదు.

తిరిగి రానివ్వని నిర్ణయం

రెండో ప్రశ్నలో ఇన్ని మెలికలు లేవు. 1948 జూన్ 16న మంత్రివర్గ సమావేశంలో బెన్ గురియన్, విదేశాంగ మంత్రి మోషే షారెత్ ఇద్దరూ వెళ్లినవాళ్లు తిరిగి రాకూడదనే మాట్లాడారు. యుద్ధం ఇంకా నడుస్తోంది, వచ్చేవాళ్లు శత్రువుకు సాయపడతారన్నది అప్పటి కారణం. యుద్ధం ముగిశాకా విధానం మారలేదు. పంటలు కోసుకోవడానికి వచ్చినవాళ్ల మీద సైనికులు కాల్పులు జరిపారు, ఊళ్లను కూల్చేశారు, లేదా కొత్తగా వచ్చిన యూదులను ఆ ఇళ్లలో దింపారు. 1950 నాటి గైర్హాజరీ ఆస్తుల చట్టం భూములను ప్రభుత్వం చేతికిచ్చింది. దేశ విభజన తర్వాత మన దగ్గరా, పాకిస్తాన్‌లోనూ సరిహద్దు దాటినవాళ్ల ఆస్తులపై ఇలాంటి చట్టాలే వచ్చాయి.

ఐక్యరాజ్యసమితి మధ్యవర్తి కౌంట్ బెర్నడాట్ ఈ విషయంలో గట్టిగా మాట్లాడాడు. బయటినుంచి యూదులు వచ్చి స్థిరపడుతుంటే, ఈ అమాయకులను సొంతింటికి రానివ్వకపోవడం న్యాయానికే విరుద్ధమని తన నివేదికలో రాశాడు. దాని మీద సంతకం పెట్టిన మర్నాడు, 1948 సెప్టెంబరు 17న, జెరూసలెంలో లేహీ ఆయన్ని కాల్చి చంపింది. (ఇక్కడ నిజాం లొంగిపోయింది కూడా ఆ రోజే. మన పత్రికల్లో బెర్నడాట్ వార్తకు ఎంత చోటు దొరికి ఉంటుందో ఊహించుకోవచ్చు.) డిసెంబరు 11న వచ్చిన ఐక్యరాజ్యసమితి 194వ తీర్మానం, పొరుగువాళ్లతో శాంతిగా బతకదలుచుకున్న శరణార్థులను తిరిగి రానివ్వాలంది, రానివాళ్లకు పరిహారం ఇవ్వాలంది. ఈనాడు అరబ్బు దేశాలన్నీ పట్టుకుని వేలాడే ఈ తీర్మానానికి ఆనాడు అవే దేశాలు వ్యతిరేకంగా ఓటేశాయి. దీన్ని ఒప్పుకుంటే ఇజ్రాయెల్‌ను గుర్తించినట్టు అవుతుందని వాటి భయం. 1949లో లోసాన్ చర్చల్లో ఇజ్రాయెల్ లక్ష మందిని తీసుకుంటామని ఓ ప్రతిపాదన పెట్టింది, అదీ ముందుకు సాగలేదు.

ఇక్రిత్ అనే చిన్న క్రైస్తవ గ్రామం ఈ రెండో ప్రశ్నను విడిగా చూపిస్తుంది. అక్కడివాళ్లు యుద్ధం చెయ్యలేదు, పారిపోలేదు. 1948 నవంబరులో సైన్యం వచ్చి రెండు వారాలు పక్కకు వెళ్లండి, మళ్లీ రావచ్చు అంది. వెళ్లారు. దేశం దాటలేదు, ఇజ్రాయెల్ పౌరులుగానే ఉన్నారు. రానివ్వకపోతే సుప్రీంకోర్టుకు వెళ్లారు, 1951లో కోర్టు వాళ్ల పక్షానే తీర్పిచ్చింది. ఆ ఏడాది క్రిస్మస్‌కు సైన్యం ఊళ్లో ఇళ్లన్నీ పేల్చేసింది. 2003లో మళ్లీ కోర్టుకెక్కితే ప్రభుత్వం చూపిన భద్రతా కారణాలతో పిటిషన్ కొట్టేశారు. రేడియో పిలుపు, అరబ్బు దండయాత్ర, ముఫ్తీ మొండితనం, వీటిలో ఏ ఒక్కటీ ఇక్రిత్‌కు వర్తించదు.

దీనికి ఇజ్రాయెల్ పక్షం చెప్పే జవాబు జనాభా మార్పిడి. 1948 తర్వాత అరబ్బు దేశాల నుంచి 8 లక్షలకు పైగా యూదులు వెళ్లిపోవాల్సి వచ్చింది. ఇరాక్ నుంచే 1950–51లో లక్షా 20 వేల మందిని విమానాల్లో తెచ్చారు, వాళ్ల ఆస్తులను బాగ్దాద్ ప్రభుత్వం స్తంభింపజేసింది. మేం మావాళ్లకు ఇళ్లిచ్చాం, మీరు మీవాళ్లను శిబిరాల్లో ఎందుకుంచారు అని అడుగుతారు. లెబనాన్ విషయంలో ఈ నిలదీత న్యాయమైనదే. అక్కడ పాలస్తీనీయులకు చాలా ఉద్యోగాలు తరతరాలుగా నిషిద్ధం, 2001 నుంచి సొంత ఆస్తి కొనుక్కోవడం కూడా. జోర్డాన్ మాత్రం పౌరసత్వం ఇచ్చింది. కానీ బాగ్దాద్ ప్రభుత్వం చేసిన తప్పుకు లిద్దా రైతు పొలం ఎలా చెల్లింపు అవుతుందో ఈ వాదన చెప్పదు. ఇరాక్ యూదులకు న్యాయం చెయ్యాల్సింది ఇరాక్, గలిలీ రైతు కాదు.

ఈ పాత లెక్క శాంతి చర్చల బల్ల మీదికి వస్తూనే ఉంటుంది. ఐక్యరాజ్యసమితి సహాయ సంస్థ ఉన్ర్వా దగ్గర ఇప్పుడు నమోదైన శరణార్థులు, వాళ్ల సంతానం కలిపి 59 లక్షల దాకా ఉన్నారు. వాళ్లందరూ తిరిగి వస్తే యూదుల మెజారిటీ మిగలదని ఇజ్రాయెల్ భయం. బాధ్యత ఒప్పుకుంటూ ఒక్క వాక్యం రాసినా అది తిరిగొచ్చే హక్కుకు తలుపు తీస్తుందని ప్రభుత్వాలు జంకుతాయి. పాలస్తీనా సంప్రదింపుల్లో ఉన్నవాళ్లు మాత్రం ఎంతమంది వస్తారన్నది తర్వాత మాట్లాడుకోవచ్చు, ముందు జరిగింది ఒప్పుకోండి అంటూ వచ్చారు. 2001 జనవరిలో తాబా చర్చల్లో ఇజ్రాయెల్ మంత్రి యోసీ బెయిలిన్ ఒక ముసాయిదా తయారుచేశాడు. శరణార్థుల విషాదానికి, వాళ్ల కష్టనష్టాలకు ఇజ్రాయెల్ విచారం వ్యక్తం చేస్తుందని అందులో ఉంది. రెండు పక్షాలు అంత దగ్గరికి వచ్చింది అప్పుడే. కొన్ని వారాల్లో ఎన్నికలు జరిగి ఏరియెల్ షరోన్ గెలిచాడు. ఆ ముసాయిదాను ఆ తర్వాత ఏ ఇజ్రాయెల్ ప్రభుత్వమూ తన మాటగా తీసుకోలేదు.